ఎవరో పోయే ఉంటారు

జులై 12, 2022

వాన. నా మోకాళ్లకు నిన్ననే తెలిసింది, టీవీ వాళ్లకు ఇవాళ పొద్దున తెలిసింది. మంజుల వడియాల డబ్బాకు మూత పెట్టడం మరిచింది. మెత్తబడ్డాయంటే, "రేపు ఏంచుదాం తీయ్ అత్తమ్మా" అంటుంది. నా కోడలి లెక్కలో ఏ కష్టమైనా నూనెలో వేస్తే తీరిపోతుంది.

మధ్యాహ్నం తిని నడుం వాల్చాను. గోడవతల పరమేశ్వర్ మగ్గం ఆగింది. మెలకువ వచ్చింది. మగ్గం ఆడుతుంటే నిద్రపోతాను, ఆగితే లేస్తాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఇంతే. అప్పుడు రెండు మగ్గాలు, గోడకు ఇవతల మా ఆయనది, అవతల పరమేశ్వర్‌ది. ఆయన పోయాక మా మగ్గం గుంట పూడ్చి బండలు పరిచి భోజనాల బల్ల వేశాం. అవతలిది మాత్రం ఆడుతూనే ఉంది.

పోగు తెగిందేమో, కడుతున్నాడేమో అనుకున్నాను. పోగు కట్టడానికి ఇంతసేపు పట్టదు. చాయ్‌కి లేచాడనుకుందామంటే తలుపు చప్పుడు కాలేదు. భార్య ఉప్పలమ్మ ఇంట్లో లేదు, బిడ్డ కాన్పుకని దేవరకొండ పోయింది. ఒక్కడే ఉన్నాడు.

ఫోన్ తీసి వాడ గ్రూపులో పెట్టాను. "పరమేశ్వర్ మగ్గం చాలాసేపటి నుంచి ఆగి ఉన్నది. దయచేసి ఎవరైనా చూడగలరు." ప్రణీత నేర్పిన విద్య ఇది. మనవరాలు నన్ను గ్రూపులోకి ఎక్కించిన రోజు నుంచి వాడంతా నా అరచేతిలో ఉన్నది. టపటపా జవాబులు. సంఘం పెద్ద గోపయ్య రెండు చేతులు జోడించాడు. పరమేశ్వర్‌కు ఆ పక్క గోడ ఐలేశం బొటనవేలు చూపించాడు. ఒకరు "ధన్యవాదాలు టీచరమ్మ" అన్నారు. ఇంకొకాయన గులాబీ పువ్వు పెట్టి శుభోదయం చెప్పాడు. మధ్యాహ్నం పూట.

కాసేపటికి గోడవతల టక్ టక్. ఆగి, మళ్లీ టక్ టక్. ఎవరో పోయినట్టున్నారు, మగ్గం బాగుచేస్తున్నారు. మంచిదైంది. వాడలో మొదట గమనించింది నేనే అని కొంచెం గర్వంగా కూడా ఉంది. ముసలిదానికి ఆ మాత్రం ఉండొచ్చు.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

పరమేశ్వర్‌ను నల్గొండ దవాఖానకు తీసుకుపోయారు. మగ్గం గుంటలో పడి ఉన్నాడట. మూతి ఒక పక్కకు పోయింది. పెరుగమ్మే బిక్షమ్మ చూసింది.

ఇంతకంటే రాయలేను.

జులై 13

గురుపౌర్ణమి. పాత శిష్యుల దండాలతో ఫోన్ నిండిపోయింది. బడిలో హోంవర్కు చేయని వాళ్లంతా నన్ను దీపమనీ వెలుగనీ అంటున్నారు.

బిక్షమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది.

"పెరుగు గిన్నె బయట పెట్టలే టీచరమ్మా. వానల నన్ను నిలవెట్టిండని కోపమొచ్చింది. తిట్టుదామనే లోపటికి పోయిన, ప్రభువు మీద ఒట్టు."

"తిట్టినవా మరి?"

"సగం తిట్టిన. అప్పటికి గుంటల కాళ్లు కండ్లవడ్డయి."

నీళ్లిచ్చాను. తాగి, గ్లాసు బోర్లించింది.

"నువ్వు పోయేటప్పటికి ఆడ ఎవరన్న ఉన్నరా?" అని అడిగాను.

"ఎవరుంటరు? తలుపు దగ్గరికేసి ఉన్నది. వాకిట్ల బురదల నా అడుగులే."

"అంతకు ముందుగాల ఎవరన్న వచ్చి పోయిన్రేమొ."

"వచ్చినోళ్లు గాల్ల తేలుకుంట వచ్చిన్రా?" అన్నది.

బిక్షమ్మకు ఫోన్ ఉంది. గ్రూపులో మాత్రం లేదు. పెరుగు పోసే మనిషిని, అందులోనూ వాడకు ఆ చివర ఉండే మనిషిని, చేర్చుకోవాలని ఎవరికీ తోచలేదు. నాకు కూడా.

వానకు అడుగులు చెరిగిపోయి ఉంటాయి. ఎవరో వచ్చి, మగ్గం సరిచేసి పోయిన తర్వాతే ఆయనకు పక్షవాతం వచ్చి ఉంటుంది. అంతే అయి ఉంటుంది.

జులై 15

హైదరాబాద్ తీసుకుపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ప్రాణం ఉంటుందో లేదో ఇంకా చెప్పలేమంటున్నారు. "జర ముందుగాల తెస్తే ఇంజక్షన్ ఉండెనంట" అని గోపయ్య చెప్పాడు. చెప్పి, నేనేదో అంటానని చూశాడు.

బడిలో హాజరు తీసుకున్నట్టు గడప గడపకూ పోయాను. మోకాళ్లు ఇవాళ సహకరించాయి.

"మధ్యాహ్నం నువ్వు పోయినవా గోపయ్యా?"

"నువ్వు పక్కన్నే ఉంటివి గద టీచరమ్మా. రాసినావిడె పోకుంట ఉంటదా అనుకున్న."

ఐలేశం పడుగు సరిచేసుకుంటూ తలెత్తకుండానే చెప్పాడు. "గ్రూపుల అందరు చూసిన్రు. అందరు చూసినంక ఇంక నేనొక్కన్ని పోయి ఏం జేస్త? పోదామని లేసిన కూడ. గప్పుడే ఆడికెల్లి చప్పుడినొచ్చింది. టక్ టక్ అని. టీచరమ్మ పోయింది, ఎవర్నో తోలుకపోయి మగ్గం బాగుచేపిస్తాంది అనుకొని కూసున్న."

"నేనా?"

"నువ్వే. ఇంకెవరు పోతరు?"

మిగతా ఇళ్లలోనూ అదే పాట. గోపయ్య ఐలేశం పోయాడనుకున్నాడు, ఐలేశం నేను పోయాననుకున్నాడు, నేను... ఎవరో పోయారనుకున్నాను. ఎవరి పేరూ అనుకోలేదు. మిగతావాళ్లు కనీసం ఒక పేరైనా అనుకున్నారు.

ఐలేశానికి చెవులు సరిగా వినపడవు. ఆయన మాట పట్టుకోవడానికి లేదు.

జులై 17

మంజుల వడియాలు వేయించింది. మెత్తగానే ఉన్నాయి. ఏమీ అనకుండా తిన్నాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని నా కొడుకు దయాకర్‌కు ఫోన్ చేసి చెప్పింది.

జులై 20

ప్రణీత కాలేజీ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా అడిగింది. "అవ్వా, గోడకు గీ పక్క నువ్వు, గా పక్క పరమేశ్వర్ తాత. మెసేజ్ ఎందుకు పెట్టినవ్? నువ్వే పోవద్దా?"

"మోకాళ్ల నొప్పులు బిడ్డా."

"గోపయ్య తాత మనవరాలి పెండ్లిల మూడు దినాలు తిరిగినవ్ గద."

"గ్రూపు లేకపోతే నేనే పోయేదాన్ని" అన్నాను.

అన్న తర్వాత ఆ మాట నాకే వినిపించింది. ప్రణీత బ్యాగు దించి బట్టలు మార్చుకోవడానికి పోయింది. పిల్లలు మనల్ని గెలిచినప్పుడు చప్పుడు చేయరు. అది నేనే నేర్పాను.

నిజమే కదా కానీ. గ్రూపు లేకపోతే పోయేదాన్నే. గొంగడి కప్పుకొని, గోడ పట్టుకొని, తిట్టుకుంటూ పోయేదాన్ని. ఆ మెసేజ్ పంపగానే ఒంట్లో బరువు దిగింది. పోయి వచ్చినంత పని అయింది. నాకే కాదు, చదివిన అందరికీ అయింది.

జులై 28

అమావాస్య. వాడలో ఏ మగ్గమూ ఆడదు. మా తాతల నాటి నుంచి నెలకొక సెలవు ఇదే. మగ్గాలకు దండం పెట్టుకొని మగవాళ్లు అరుగుల మీద కూర్చుంటారు. మిగతా రోజుల్లో చప్పుడు ఎంత ఉంటుందో ఈ ఒక్క రోజే తెలుస్తుంది.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. గోడవతల టక్ టక్.

ఆ ఇంటికి తాళం ఉంది. ఉప్పలమ్మ హైదరాబాద్ దవాఖానలో ఆయన దగ్గరుంది.

మంజులను పిలిచి వినమన్నాను. గోడకు చెవి ఆనించి, "చూరు నీళ్లు అత్తమ్మా" అన్నది.

చూరు నీళ్లే.

ఎందుకో మా ఆయన గుర్తొచ్చారు. ఆయన, పరమేశ్వర్, ఇద్దరూ పగలంతా గోడకు ఆ పక్కొకరు ఈ పక్కొకరు కూర్చొని నేసేవారు. గోడ లేకపోయినా అంతకన్నా ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. ఒకరి మగ్గం ఆగిందంటే ఇంకొకరు పోగు నడిపే నాడె మొనతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవారు. ఉన్నవా, అని. అవతల నుంచి ఒక దెబ్బ. ఉన్న, అని. జవాబు రాకపోతే లేచి వెళ్లి చూడాలి. అంతే ఒప్పందం. ఒకసారి పరమేశ్వర్‌కు తేలు కుట్టినప్పుడు మా ఆయన అన్నం చేత్తోనే ఉరికారు. చాయ్‌కి పోదామన్నా అదే రెండు దెబ్బలు. ఫోను బిల్లు లేని సంసారం.

ఆయన పోయిన కొత్తలో ఒక మధ్యాహ్నం గోడవతల రెండు దెబ్బలు పడ్డాయి. నేను కూర తరుగుతున్నాను. కాసేపటికి పరమేశ్వర్ వచ్చి గడపలో నిలబడ్డాడు. "అలవాటు పోలే వదినె" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ కొట్టలేదు.

ఎప్పుడూ కొట్టలేదు కనుకే ఆ రోజు నాకు తట్టలేదు.

ఇది ఎందుకు రాశానో తెలియదు. చూరు నీళ్లే అది.

ఆగస్టు 2

చూరు నీళ్లే. వాన మాత్రం మొన్ననే వెలిసింది.

ఆగస్టు 7

చేనేత దినోత్సవం. సంఘం భవనం ముందు షామియానా, మైకు, పూలదండలు. నాకు శాలువా కప్పారు. "ఒక ప్రాణం ఆపదల ఉన్నదని వాడ మొత్తానికి తెలియజేసిన మన టీచరమ్మ" అని గోపయ్య చదివాడు. "టీచరమ్మ ఒక్క మాటతోని వాడంతా కదిలింది" అని కూడా చదివాడు. చప్పట్లు.

శాలువా మిల్లుది. నేతగాళ్ల వాడలో, నేత పండుగ నాడు, మిల్లు శాలువా. ఎవరూ తడిమి చూడలేదు. నేను చూశాను.

వెనుక బిక్షమ్మ చల్ల పోస్తోంది. చల్ల ఆమెదే, సంఘం చెప్పి పోయించుకుంది. వేదిక మీదికి ఆమెను పిలవలేదు. పిలవాలని నేనూ అనలేదు. మైకు నా చేతిలోనే ఉంది.

రెండు ముక్కలు మాట్లాడమన్నారు. జీవితమంతా మాట్లాడి తిన్నదాన్ని. "అందరికీ నమస్కారం" అన్నాను. కింద ఐలేశం చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఎవరూ పక్కవాళ్ల మొహం చూడటం లేదు. అప్పుడర్థమైంది. అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కనుక ఎవరూ చెప్పనక్కర లేదు.

శాలువా పెట్టెలో అడుగున పెట్టాను.

ఆగస్టు 13

పరమేశ్వర్‌ను ఇంటికి తెచ్చారు. బతికాడు.

మంచం పట్టే జాగా మగ్గం అర్రలోనే ఉంది. గుంట మీద చెక్కలు పరిచి, గోడ వారగా నులక మంచం వేశారు. మగ్గం మీద సగం చీర అలాగే ఉంది. అర్ర నిండా మనుషులు. అరటిపండ్లు, బత్తాయిలు, బిస్కెట్లు. ఆయన నమలలేడని అందరికీ తెలుసు.

ఎడమ చెయ్యి కదులుతోంది. మంచం పట్టెను వేలి కణుపుతో కొడుతున్నాడు. టక్ టక్. ఆగి, టక్ టక్.

"చెయ్యి గట్లనే వణుకుతాంది" అన్నది ఉప్పలమ్మ. "పండుకున్నప్పుడు తప్ప ఊకుంటలేడు."

"పాపం" అన్నాడు ఐలేశం. గోపయ్య "పాపం" అన్నాడు. ఇంకెవరో కూడా అన్నారు.

పరమేశ్వర్ కళ్లు ఒక్కొక్కరి మీదా ఆగుతూ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. మళ్లీ కొట్టాడు.

నా చేతిలో అరటిపండ్ల అత్తం ఉంది. అంతమందిలో ఏం చేస్తాను? వణుకు కాదు అది, అడుగుతున్నాడు అంటే, నీకెట్ల తెలుసు అంటారు. పండ్లు బల్ల మీద పెట్టి వచ్చేశాను. వెనుక నుంచి ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఆగస్టు 16

ఉప్పలమ్మ వచ్చింది. మనిషి సగమైంది. చాయ్ ఇస్తే చేతిలో పట్టుకొని కూర్చుంది.

"అక్కా, నువ్వైతె అబద్ధం చెప్పవు. గా దినం ముందుగాల ఎవరు పోయిన్రు? ఒకలు గోపయ్య అంటరు, ఒకలు ఐలేశం అంటరు. వాడంత ఉరికిందంటరు. ఉరికితె పొద్దుగూకే దాంక గుంటల ఎట్లున్నడు?"

"బిక్షమ్మ చూసింది."

"గది నాకు ఎరికే." గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "గుంట పక్కన గోడకు సున్నం లేసిపోయింది. కింద, ఆయన తల ఆనే కాడ. నాడె మొన తలిగినట్టు గుంటలు గుంటలు. నాడె ఎడమ చేతి పక్కకు దొరికింది. గోడను కొట్టిండు అక్కా. ఎవర్నో పిలిచిండు. నీకేమన్న ఇనొచ్చిందా?"

"పండుకున్న" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నిద్రల ఎవరికినొస్తది తీ అక్కా. నువ్వు మనసుల పెట్టుకోకు." నన్ను ఓదార్చి, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి పోయింది.

ఆగస్టు 18

నిద్రలో లేను.

ఆగస్టు 21

మంచం కిటికీ పక్కకు మార్పించుకున్నాను. అక్కడికీ వినిపిస్తోంది. బీపీ మాత్ర మార్చమని డాక్టర్‌ను అడిగాను. బీపీ బాగానే ఉందన్నాడు. చదువుకున్న మనిషికి జబ్బు కూడా సరిగా రాదు.

ఆగస్టు 27

అమావాస్య.

పొద్దుటి నుంచి మగ్గాలు లేవు. మధ్యాహ్నం మొదలైంది. టక్ టక్. ఆగి, టక్ టక్. ఈసారి పట్టె మీద కాదు, గోడ మీద.

"మంజులా, నీకు ఇనొస్తాందా?" అని అడిగాను. లేదు, ఇనొస్తలేదు అనాలని ఎంత కోరుకున్నానో.

"రోజు ఇనొస్తది అత్తమ్మా. చిన్నమామ చెయ్యి గద. వాడందరికి ఇనొస్తది." కూర కలుపుతూ చెప్పింది.

ఫోన్ మోగింది. గ్రూపులో ఐలేశం. "పరమేశ్వర్ ఇంటి నుంచి చప్పుడు వస్తున్నది. ఎవరైనా చూడగలరు." కింద బొటనవేళ్లు లేవడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి. గోపయ్య చేతులు జోడించాడు.

ఫోన్ బోర్లా పెట్టాను.

మా ఆయన నాడె షోకేసులో ఉంది. ప్రణీత దానికి రంగు దారం చుట్టి బొమ్మల మధ్య పెట్టింది. తీశాను. బల్ల జరపడానికి మంజులను పిలిస్తే, "ఏమైంది అత్తమ్మా" అంటూనే జరిపింది. మా గుంట ఉన్న జాగాలో, బండల మీద, గోడ పట్టుకొని కిందికి దిగాను. దిగడానికి చాలాసేపు పట్టింది. అవతల ఆయన ఆగడం లేదు.

ఒక దెబ్బ కొట్టాను.

చప్పుడు ఆగింది. వాడ మొత్తం ఆగినట్టైంది. మంజుల గరిటె చేతిలో పట్టుకొని నిలబడింది.

మళ్లీ రెండు దెబ్బలు పడ్డాయి. ఈసారి మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, పలక మీద అక్షరం దిద్దినట్టు. నేను ఒకటి కొట్టాను.

ఉప్పలమ్మ చెప్పుల్లేకుండా ఉరికి వచ్చింది. నేల మీద నన్ను, నా చేతిలో నాడెను చూసింది. గోడ వైపు చూసింది.

"ఏందక్కా గిది?"

"ఉన్నవా అని అడుగుతుండు. ఉన్న అని చెప్పాలె. మీ బావ, ఆయన గిట్లనే కొట్టుకునేటోళ్లు."

ఆమె గడప పట్టుకుంది. "గా దినం గూడ గిట్లనే అడిగిండా?"

"అడిగిండు."

"నీకినొచ్చిందా?"

"ఇనొచ్చింది. ఎవరో పోయే ఉంటరనుకున్న."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు. గోడవతల మళ్లీ రెండు దెబ్బలు. నేను లేవబోయాను, ఆమె కాళ్ల దగ్గరికి పోదామనో, ఇంకెందుకో.

"లేవకు" అన్నది. గొంతు గట్టిగానే ఉంది. "ఆయన అడుగుతాండు. చెప్పు."

చెప్పాను. ఆమె వెళ్లిపోయింది. తలుపు తెరిచే ఉంచి పోయింది.

ఆగస్టు 28

ఉప్పలమ్మ ఇవాళ నా వైపు చూడలేదు. పెరుగు గిన్నె తీసుకుంటూ బిక్షమ్మతో మాత్రం మాట్లాడింది.

నాకు సరిపోయింది. శాలువా బిక్షమ్మకు ఇస్తానన్నాను. అటూ ఇటూ తిప్పి, "మిల్లుది గద టీచరమ్మా, నాకెందుకు" అన్నది.

ఆగస్టు 31

దయాకర్ వినాయక చవితికి మహబూబ్‌నగర్‌లో చుట్టాల ఇంటికి పోదామన్నాడు, బస్సు వద్దు కారు మాట్లాడతానన్నాడు. రానన్నాను. ఎందుకని అడిగితే, మోకాళ్లన్నాను. పక్కన ప్రణీత నా మొహం చూసి, గోడ దగ్గర చాప పరిచి పోయింది.

రోజూ మధ్యాహ్నం మొదలవుతుంది. ఒకటి కొడితే ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోడు. నేను ఉన్నానంటాను, ఆయన కొంచెంసేపు ఆగుతాడు, మళ్లీ అడుగుతాడు. ఆకలి కాదు, దాహం కాదు, ఉప్పలమ్మ అన్నీ చూస్తుంది. ఒక్కసారి జవాబు రాని మనిషి ఎన్నిసార్లు అడిగితే నమ్ముతాడో నాకు తెలియదు.

కలం పక్కన పెట్టాలి. అడుగుతున్నాడు.